జొన్నకంకుల తెరకు పెట్టిన వంక

మా నడవలో మూడు మడతల కర్రతెర ఒకటి ఉంది. ఇంటికి వచ్చినవాళ్లు చెప్పులు విడుస్తూనే దానివైపు చూస్తారు. మంచినీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాక, "ఎంతకు కొన్నారు?" అని అడుగుతారు. చెబుతాను. నమ్మరు. మళ్లీ చెబుతాను. అప్పుడు వాళ్ల ముఖంలో చిన్న అసూయ ఒకటి కదులుతుందే, శెట్టి ఇంట్లో పుట్టినదానికి అది పాయసం కంటే తీపి.

వెల ఎన్నడూ దాచలేదు. ఆ వెలకు దించడానికి నేనన్న మాటను దాచాను. కట్టుకున్నవాడికి చెప్పలేదు. కన్నతండ్రికి చెప్పలేదు. దేవుడి ముందు నిలబడినప్పుడు కూడా వేరే విషయాలు మాట్లాడి వచ్చేశాను. తలమీది గంప కొంతదూరం మోశాక బరువు తెలియదని అంటారు. తెలియకేం? మెడ ఆ వంపుకు అలవాటు పడిపోతుంది, అంతే.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు అక్కర్లేదు. ఇద్దరికీ బేరం కుదిరినట్టే.

పోయిన నెల ఆ తెరలో ఒక తోలుపట్టీ తెగింది. ఆ తెరకు ఇనుప బందులు లేవు. చట్రానికీ చట్రానికీ మధ్య తోలుపట్టీలే బందులు. ఈ చట్రం ముందునుంచి దూరి ఆ చట్రం వెనక్కి పోతాయి, ఆ కిందిది వెనకనుంచి ముందుకు వస్తుంది. అందువల్ల తలుపులాగా ఒకవైపుకే కాదు, రెండు వైపులకూ మడవవచ్చు. నేను చెప్పింది మీకు అర్థం కాకపోతే తప్పు మీది కాదు. ఇన్నేళ్లు రోజూ తుడుస్తున్నా నాకే సరిగ్గా అర్థం కాలేదు. బాగుచేయమని ఒక వడ్లాయనను, అదే వడ్రంగిని, పిలిపించాను. కింద కూర్చుని చూశాడు, తలకిందులుగా పెట్టి చూశాడు.

"ఇది యెట్ల కట్టినాడమ్మా? చేసినాయన్నే అడగాల" అని లేచిపోయాడు.

చేసినాయన ఇప్పుడు లేడు. ఉన్నప్పుడు అడగలేదా అంటే, అడిగాను. ఆయన చెప్పబోయాడు కూడా. నేనే చెప్పనివ్వలేదు.

మొదటినుంచీ చెబుతాను. మా అత్తగారిల్లు నంద్యాల బజారులో. రైలుపెట్టె లాంటి ఇల్లు. ముందు అంగడి, వెనక నడవ, ఆ వెనక వంటిల్లు, పెరడు. తలుపులన్నీ ఒకే వరస. అంగట్లో బెల్లం కొనడానికి వచ్చినామెకు మా పొయ్యిమీద ఏ పులుసు ఉడుకుతోందో కనిపించేది. కనిపిస్తే కనిపించింది, అక్కడినుంచే "చింతపండు ఎక్కువైనట్టుండాదే" అని సలహా చెప్పేది. గుడ్డ కట్టి చూశాం. గాలికి ఎగిరి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న మా మామ మొహాన పడేది. ఆయన దాన్ని తోసుకుంటూ బేరం చేస్తుంటే నాటకంలో రాజుగారిలా ఉండేవాడు. గుడ్డ తీసేశాం. పులుసు మళ్లీ బజారున పడింది.

అది కర్నూలు రాజధాని అయిన కొత్త. ఉద్యోగస్తుల ఇళ్లలో కొత్తరకం కుర్చీలూ బల్లలూ దిగుతున్నాయని వినడమే. మా వీధి చివర సుగుణమ్మ టీచరని ఒకామె అద్దెకుండేది, ఒక్కతే. చిల్లర సరుకుల కోసం మా అంగడికి వస్తుండేది, నేను పేరంటానికి పిలవడానికి ఒకరోజు ఆమె ఇంటికి వెళ్లాను. అక్కడ చూశాను మొదటిసారి. ఆమెకున్నది ఒకే గది. దాని మధ్యలో మడత తెర నిలబడి ఉంది. ముందువైపు రెండు కుర్చీలు, పుస్తకాల బల్ల. వెనకవైపు మంచం, కిరసనాయిలు పొయ్యి. కింది సగం చెక్క, దానిమీద జొన్నకంకులు చెక్కి ఉన్నాయి, ఒక కంకిమీద పిచ్చుక వాలి గింజ లాగుతోంది. పై సగం సన్నటి పుల్లల అల్లిక. కిటికీలోంచి వచ్చే ఎండ ఆ అల్లికలోంచి దూరి నాపరాళ్ల మీద చిన్న చిన్న గళ్లుగా పడింది.

నాకు వింతగా తోచిందేమంటే, తెర లేకపోతే అది చిన్న గది. తెర పెట్టాక రెండు ఇంకా చిన్న గదులు కావాలి కదా. కాలేదు. పెద్దదైంది. వెనక ఏముందో తెలియనంతవరకూ అక్కడ ఎంతైనా ఉండవచ్చు అనిపిస్తుంది కాబోలు. నేను గుడి చుట్టూ తిరిగినట్టు దాని చుట్టూ తిరిగాను. టీచరమ్మ నవ్వింది.

"అంతగనం నచ్చితే నువ్వూ తెచ్చుకో. ఆళ్లగడ్డలో ఓబులాచారని ఉండాడు. ఇంకా మూడు చేసి పెట్టుకున్నాడంట" అంది.

ఓబులాచారి పొలం దున్నే మడకలూ గుంటకలూ చేసే వడ్లాయన. ఎవరో దొరసాని తన దేశానికి పోతూ పోతూ విరిగిన తెర ఒకటి బాగుచేయడానికి ఇచ్చిందట. దాన్ని విప్పి, కట్టి, దానికంటే మంచిది తను చేశాడట. ఇవి అమ్ముడుపోతే మడకలు మానుకుని నంద్యాలలో కొట్టు పెట్టుకోవాలని ఆయన ఆశ. ఇదంతా టీచరమ్మే చెప్పింది. అంటే, నేను బయలుదేరేటప్పటికే ఆయన ఆశ ఏమిటో నాకు తెలుసు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక్కడ మా వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. మా నాయనది ఇత్తడిసామాను అంగడి. మాలో ఏదైనా కొనేముందు దానికి వంక పెట్టాలి. బిందె మీద వేలితో కొట్టి "మోత బొంగురుగా ఉందే" అనాలి. అమ్మేవాడు "బొంగురా? నీ చెవి చూపించుకో పో" అనాలి. ఇద్దరూ నవ్వాలి, వెల దిగాలి. వంక పెట్టకుండా దుడ్లు తీసిస్తే అమ్మినవాడికి ఆ రోజంతా అన్నం సహించదు, తక్కువ చెప్పానేమోనని. ఆ వంకలు నిజమని ఎవరూ అనుకోరు. నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు మా అత్త నా ముక్కుకు పెట్టింది, మా నాయన వాళ్లబ్బాయి చెవులకు పెట్టాడు. పెళ్లి అయింది. ముక్కూ చెవులూ ఈనాటికీ ఒకే ఇంట్లో ఉన్నాయి. నేనైతే దేవుడికి మొక్కుకునేటప్పుడు కూడా కొబ్బరికాయలు పది అనుకుని ఐదుకు దించుతాను.

నాయనకు ఆళ్లగడ్డలో ఏదో పని ఉంటే ఆయనతో బస్సెక్కాను. ఆయన తన స్నేహితుడి అంగట్లో కూర్చున్నాడు. నేను ఒక్కదాన్నే ఓబులాచారి ఇల్లు అడుక్కుంటూ వెళ్లాను. పక్క వీధిలో బొమ్మలు చెక్కేవాళ్ల ఉలుల మోత. ఆయన పంచలో వేపమొద్దు మీద కూర్చుని మడకకు మేడి బిగిస్తున్నాడు. వెంట్రుకలు నెరిసిన బక్క మనిషి. తెర కోసం వచ్చానంటే చేతిలోది అక్కడే వదిలేశాడు.

"టీచరమ్మ పంపించిందా? సల్లంగుండాల ఆ తల్లి" అంటూ రెండు తెరలు తెచ్చి నిలబెట్టాడు. మూడోది లోపల వాడుకుంటున్నామన్నాడు. "సూడమ్మా. ఇట్ల మడిచినా వస్తాది. అట్ల మడిచినా వస్తాది."

"ఎట్లప్పా? బందు యాడుంది?"

"బందు లేదు. ఎద్దుల పట్టెడలకు ఏసే తోలు అది." పిల్లాడిలా నవ్వాడు. "ఉండు, నిదానంగా సూపిస్తా. ముందు నీకు నచ్చిందా సెప్పు."

నచ్చింది. ప్రాణం పోయేంత నచ్చింది. అందుకే మొహం ముడుచుకున్నాను. వెల అడిగాను. ఆయన చెప్పింది నేను అనుకున్నదానికంటే తక్కువ. తక్కువ చెప్పినప్పుడు మొహం ఇంకా ముడవాలి. అదీ మా పద్ధతే.

"కర్ర పచ్చిగా ఉందే" అన్నాను.

"రెండు ఎండాకాలాలు ఆరబెట్టినా తల్లీ."

"ఈ కంకుల్ని చూసి ఊళ్లో పిచ్చుకలన్నీ మా ఇంటికే వస్తాయి."

"వస్తే రానీ. అవీ బతకాల కదా" అని నవ్వాడు. వెల మాత్రం దిగలేదు. మాలో అయితే ఈ పాటికి రెండు మెట్లు దిగాలి. ఆయనకు ఆ ఆట తెలియదు. తాను నిజంగా అడగాల్సిందే అడిగాడు, దానిమీదే నిలబడ్డాడు. నేను మొండికేశాను. ఏముందిలే, ఆ వెల ఇచ్చేసి ఉంటే సరిపోయేది. కానీ వంక పెట్టి కూడా దించలేక పోయానని నాయన నవ్వుతాడే! అప్పుడు అన్నాను.

"ఏమోనప్పా. ఇట్లాంటివి ఆసుపత్రిలో చూసినా. పాణం పొయ్యే మనిషి మంచం చుట్టూ పెడతారు. తెర పెట్టినారంటే ఇంక అయిపోయినట్టే. నంద్యాల్లో ఎవురూ ఇండ్లల్లో పెట్టుకోరు. నేను కాబట్టి అడుగుతాండా."

"ఏందమ్మా?"

"ఆసుపత్రిలో పెట్టేవప్పా ఇవి."

"పాణం పొయ్యేవాళ్లకా?"

"మా అవ్వను పెట్టినప్పుడు చూసినా. పక్క మంచమామెకు పెట్టినారు. తెల్లారేసరికి ఆమె లేదు."

ఆయన చేయి చట్రం మీదే ఉండింది. తీసేశాడు. వేడి తగిలినట్టు తీశాడు. లోపలికి వెళ్లాడు. లోపల బరువైనదేదో నేలమీద ఈడ్చిన మోత. పసిబిడ్డ ఏడుపు. "ఎందుకు నాయనా తీస్తాండావ్? గాలి కొడతాంది బిడ్డకు" అని ఒక ఆడగొంతు. పురిటికి పుట్టింటికి వచ్చిన కూతురు.

అప్పటిదాకా లోపల బాలింత ఉందని నాకు తెలియదు.

ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగాను. మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

బయటికి వచ్చినప్పుడు ఆయన నా మొహం చూడలేదు. "తీసుకపో అమ్మా. నీకు తోసింది ఇయ్యి. బేగా తీసుకపో." నేను ఇచ్చింది లెక్క కూడా చూసుకోలేదు. పట్టీలు ఎలా కట్టాడో చూపిస్తానన్న సంగతి ఆయనకు గుర్తులేదు. నాకు గుర్తుంది. అడగడానికి నోరు రాలేదు.

తెర బస్సు మీదికి ఎక్కింది. శిరివెళ్ల దాటాక నాయన వెల విని నా వీపు తట్టాడు. "ఏం వంక పెట్టినావే?" అన్నాడు. కర్ర పచ్చిదన్నానని చెప్పాను. చూశారా? అది ఉత్త బేరపు మాటే అయితే నాయనకు గొప్పగా చెప్పుకోవాలి కదా. ఎందుకు చెప్పలేదు? బస్సు నంద్యాల చేరకముందే నాకు తెలుసన్నమాట.

ఆ అబద్ధం ఎక్కడినుంచి పుట్టిందా అని చాలాసార్లు వెదికాను. గాలిలోంచి పుట్టలేదు. అవ్వ ఆసుపత్రిలో ఉన్నది నిజం. పక్క మంచం చుట్టూ తెల్లగుడ్డ తెర పెట్టిందీ నిజం. కానీ అదే తెరను గాయాలకు కట్టు కట్టేటప్పుడు పెట్టేవాళ్లు, సూది వేసేటప్పుడు పెట్టేవాళ్లు, మా అవ్వకు చీర మార్చేటప్పుడు నేనే అడిగి పెట్టించుకున్నాను. ఆమె ఆ తర్వాత ఇంటికి వచ్చి మా అందరినీ తిడుతూ ఎన్నో ఏళ్లు బతికింది. ఆ సగం చెప్పలేదు. తూకంలో ఒక తట్ట మాత్రమే చూపించాను.

తెర మా నడవలో నిలబడింది. అబ్బ, ఏం శోభ! బెల్లం కొనే ఆమె మెడ ఎంత చాచినా పులుసు కనపడలేదు. నేను మాత్రం వెనక నిలబడి పుల్లల సందులోంచి అంగడంతా చూసేదాన్ని. మధ్యాహ్నం ఎండ గళ్లు గళ్లుగా మా గచ్చుమీద పడేది. చూడ్డానికి వచ్చిన వాళ్లలో ఇద్దరు ముగ్గురు మాకూ కావాలన్నారు. ఆళ్లగడ్డ పేరు నోటి చివరిదాకా వచ్చేది. చెప్పేదాన్ని కాదు. ఎక్కడో తెచ్చారని అనేదాన్ని.

కొన్ని నెలలకు సుగుణమ్మ టీచరు వచ్చింది. మజ్జిగ ఇచ్చి, నేనూ ఒక గ్లాసు తెచ్చుకుని కూర్చున్నాను.

"ఓబులాచారి ఇంక తెరలు చేయడంట. ఉన్న రెండిటినీ రంపంతో కోసి ఏట్లో పారేసినాడంట. పొయ్యిలోకి కూడా పెట్టనీయలేదంట ఇంట్లోవాళ్లను. నేను పోయి చెప్పినా, గాయాలకు కూడా పెడతారయ్యా అని. వింటేనా? బాలింత మంచం చుట్టూ పెట్టినానే అని ఒకటే ఏడుపు. ఎవురో కొనేదానికి వచ్చి చెప్పినారంట. నువ్వు కొని తెచ్చుకున్నాక వచ్చినోళ్లే, ఎవరై ఉంటారబ్బా?"

నేను గ్లాసు దించలేదు. మజ్జిగ అయిపోయింది. అయినా దించలేదు.

తర్వాత అడిగాను, "బిడ్డ బాగుందా?" అని. బాగుందట, బొద్దుగా ఉందట. గుండె మీంచి బండ దిగింది. బిడ్డకేమీ కాలేదు కాబట్టి నేను చేసిందీ ఏమీ లేదని తేల్చుకున్నాను. ఎంత చవకగా తేల్చుకున్నానో చూడండి. టీచరమ్మ చెబితే ఆయన నమ్మడు, ఆ మాట ఆమెది కాదు కాబట్టి. అన్నది నేను. వెనక్కి తీసుకోగలిగిందీ నేనొక్కదాన్నే. ఆళ్లగడ్డ ఎంతదూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావచ్చు. వెళ్లలేదు. ఎందుకు? సిగ్గా? సిగ్గు కొంత. కానీ లోపల ఇంకోటి ఉంది: వెళ్లి అది అబద్ధమని చెబితే, బేరం తిరగబడుతుంది. కుదిరిన బేరాన్ని తిరగదోడడం మా ఇంటావంటా లేదు. ఒక మనిషి చేతిపని కంటే నా బేరం నాకు పెద్దదైంది. రాస్తుంటే నవ్వొస్తోంది. మంచి నవ్వు కాదు.

అరవయ్యో సంవత్సరం ప్రాంతంలో ఓబులాచారి మా అంగడికి వచ్చాడు. మేకులు కొనడానికి. ఇది ఎవరిల్లో ఆయనకు తెలియదు. మా మామ మేకులు తూస్తుంటే ఆయన చూపు లోపలికి పోయింది. నడవలో తెర. మా పెద్దవాడు అప్పుడు చిన్నవాడు, ఆ చట్రం పట్టుకుని నిలబడి పిచ్చుక ముక్కును నాకుతున్నాడు. నేను వంటింట్లోంచి వచ్చేసరికి ఆయన గడప దగ్గర ఉన్నాడు. లోపలికి రాలేదు.

"అమ్మా... ఇంకా పెట్టుకోనుండావా?"

నన్ను గుర్తుపట్టాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"నాకు నిద్ర పట్టదమ్మా. నువ్వు ఇట్లాంటిదని సెప్పినాక కూడా నీకే ఇచ్చి పంపినా. నా బిడ్డ కాడినుంచి తీసేసుకోని, నీ ఇంటికి తోలినా. నీకూ బిడ్డలు పుడతారే అని తోయలేదు నాకు ఆ పొద్దు. నాది తప్పు. దీన్ని నాకిచ్చెయ్. ఊయల చేసిస్తా. మంచి టేకుతో చేసిస్తా."

మీకు అర్థమైంది కదా. ఆ మనిషి ఇన్నేళ్లూ తను నాకు ద్రోహం చేశానని అనుకుంటున్నాడు. నేను ఆయన ఇంట్లో వదిలి వచ్చింది అబద్ధం ఒక్కటే కాదు. నేను మోయాల్సిన బరువు కూడా ఆయన నెత్తిన పెట్టి వచ్చాను.

ఒక్క వాక్యం చాలు అప్పుడు. అప్పా, అది బేరానికన్న మాట. అంతే. అంగట్లో మామ ఉన్నాడు, ఇద్దరు గిరాకీలు ఉన్నారు. వాళ్లు వింటారు. నా నోరు తెరుచుకుంది. వచ్చింది ఇది:

"ఏం భయం లేదప్పా. శాంతి చేయించినాం. దోషం పోయింది."

ఏ శాంతీ చేయించలేదు. ఆయన మొహం మాత్రం విప్పారింది. "సేయించినారా? అట్లయితే సరే తల్లీ, అట్లయితే సరే." గడప బయటినుంచే చేతులెత్తి దండం పెట్టాడు, నాకో తెరకో తెలియలేదు. మేకుల పొట్లం తీసుకుని వెళ్లిపోయాడు. రెండో అబద్ధంతో ఆయన నిద్ర కొంత ఆయనకు తిరిగి ఇచ్చానని చాలాకాలం గర్వపడ్డాను. తెరలు చేసే ధైర్యం మాత్రం తిరిగి ఇవ్వలేదు. దోషం పోయిందన్నాను కానీ, అసలు లేదని అనలేదు కదా. ఆయన చివరిదాకా మడకలే చేశాడు. నంద్యాలలో కొట్టు పెట్టలేదు.

ఇక ఆ వాక్యం దగ్గరికి రావాలి. అప్పటిదాకా లోపల బాలింత ఉందని నాకు తెలియదని రాశాను. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్నది అదే, చేయి అలవాటుగా రాసేసింది.

తెలుసు.

వాకిట్లో అడుగు పెట్టగానే వాము వాసన, సాంబ్రాణి పొగ. ఆడదాన్ని, ఆ వాసన నాకు తెలియదా? లోపల మూడో తెర అంచు కనిపిస్తూనే ఉంది. దాని వెనక బిడ్డ కుయ్యిమన్నప్పుడల్లా, నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ ఆయన అటు చూసేవాడు. బేరంలో అవతలివాడి కన్ను ఎటు పోతుందో అటు చూడమని నాయన నేర్పాడు. అక్కడే మెత్తగా ఉంటుంది. చూశాను. పచ్చి కర్రా పిచ్చుకలూ పనిచేయకపోతే, అక్కడ వేలు పెట్టి నొక్కాను. మా ఆట ఆయనకు తెలియదని ఇందాక రాసింది కూడా తూకంలో ఒక తట్టే. నమ్ముతాడని తెలిసే అన్నాను.

చెప్పేశాను. ఓబులాచారి లేడు, ఆ కూతురు ఎక్కడుందో నాకు తెలియదు, బొద్దుగా ఉన్న ఆ బిడ్డకు ఇప్పుడు బిడ్డలు ఉండవచ్చు. క్షమించమని ఎవరిని అడగాలి? మిమ్మల్ని అడగడం లేదు. మీరు ఇచ్చినా అది మీది కాదు, ఇవ్వడానికి.

తెగిన పట్టీ నా ఒళ్లో ఉంది. ఈ చట్రం ముందునుంచి, ఆ చట్రం వెనక్కి. మధ్యాహ్నమంతా దూర్చి చూశాను. ఒకవైపుకు మడుస్తోంది, రెండోవైపుకు రావడం లేదు. ఎక్కడో ఒక మెలిక ఉంది, నాకు చిక్కడం లేదు. చిక్కదని తెలిసినా, వేళ్లు దూరుస్తూనే ఉన్నాయి.

తెరను మడిచి గోడకు ఆనించాను. ఇప్పుడు అంగడిలోంచి చూస్తే నడవ, నడవలోంచి వంటిల్లు, పొయ్యిమీది పులుసు, ఆ ముందు కూర్చున్న నేను, అన్నీ ఒకే వరసలో ఉన్నాం. ఎవరో ఇందాకే తొంగిచూసి చింతపండు గురించి ఏదో అన్నారు.

చూడనీ.